సంతకి సంతకి ఏడు రోజులు, బిళ్ళకి మూడు రోజులే

అక్కలారా, చెల్లెళ్ళారా, సంఘంలో తిరిగే అన్నలూ తమ్ముళ్ళూ... ఈసారి రాసేది పోడు పట్టాల గురించి కాదు, 1/70 చట్టం గురించీ కాదు. డెబ్బై రెండు గంటల బిళ్ళ గురించి. పేరు చూడగానే కొందరు వేలితో పైకి జరిపేస్తారని తెలుసు. ముఖ్యంగా తమ్ముళ్ళు. ఆగండి, ఇది మీ గురించి కూడా.

ముందు ఒక లెక్క చూడండి. మన ఏజెన్సీలో చాలా గుంపులకు మెడికల్ షాపు అంటే సంత జరిగే ఊరే. సంత వారానికి ఒక్కరోజు. ఈ బిళ్ళ పనిచేయాలంటే కలిసిన తర్వాత డెబ్బై రెండు గంటల లోపు, అంటే మూడు రోజుల్లో వేసుకోవాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. మొదటి రోజు పనిచేసినట్టు మూడో రోజు పనిచేయదు. బుధవారం సంత అయిపోయాక గురువారం అవసరం వచ్చిన అమ్మాయికి మళ్ళీ బుధవారం దాకా దారి లేదు. మధ్యలో ఆటో కట్టించుకుని పోవాలంటే ఇంట్లో ఏం చెప్పాలి? డబ్బులు ఎవరిని అడగాలి? షాపులో వంద రూపాయల దాకా తీసుకుంటారు, ఆటో ఖర్చు దానికి వేరు. వానాకాలం వాగు పొంగితే ఇక చెప్పనక్కర్లేదు. పురిటి నొప్పులు పడుతున్న మనిషినే డోలీలో మోసుకుపోయే చోట, బిళ్ళ కోసం ఎవరు వాగు దాటుతారు?

ఈ మందు మన దేశంలో కొత్తదేమీ కాదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్ముకోవచ్చని 2005లోనే అనుమతి ఇచ్చారు. 2007లో ఐ-పిల్ వచ్చింది, టీవీలో యాడ్లు హోరెత్తాయి, తర్వాత ఆ యాడ్లు ఆగిపోయాయి. అన్‌వాంటెడ్-72 లాంటివి ఇంకా చాలా వచ్చాయి. పేరు ఏదైనా లోపల ఉండేది లెవోనార్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు, ఒక్క బిళ్ళ. అదే మందు ప్రభుత్వం ఈజీ పిల్ పేరుతో ఆశా వర్కర్ సంచిలో పెట్టింది. 2011లో మొదలైన ఇంటింటికీ అందించే పథకంలో దాని ధర రెండు రూపాయలు. సబ్‌సెంటర్‌లో, పీహెచ్‌సీలో అయితే ఊరికే ఇవ్వాలి.

మరి రెండు రూపాయలకి మన గుంపులోనే దొరకాల్సిన దానికి వంద రూపాయలు పెట్టి, దొంగతనం చేసినట్టు, ముఖానికి చున్నీ కట్టుకుని సంత ఊరికి ఎందుకు పోతున్నాం?

సంచి ఖాళీగా ఉండటం ఒక కారణం. చాలా చోట్ల ఆశా అక్కలకు కండోమ్‌లు, మామూలు బిళ్ళలు వచ్చినంతగా ఇది రాదు. వచ్చినా డేట్ అయిపోయి ఉంటుంది. కానీ నేను చూసినంతలో అంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది. ఆశా వర్కర్ ఎవరు? మన గుంపు మనిషే. నాకు చిన్నమ్మ అవుతుంది, నీకు వదిన అవుతుంది, ఇంకొకరికి కాబోయే అత్త. పెళ్ళి కాని పిల్ల ఆమె దగ్గరికి పోయి "అత్తా, ఆ బిళ్ళ ఉందా" అని అడగగలదా? అడిగిన రోజు సాయంత్రానికి బోరింగు దగ్గర అదే మాట. ఆశా అక్క చెడ్డదని కాదు. ఆమెకి ఇచ్చిన ట్రైనింగ్ అంతా పెళ్ళయి పిల్లలున్న వాళ్ళ గురించే. పెళ్ళి కాని అమ్మాయి ఆమె రిజిస్టర్‌లో ఉండదు. రిజిస్టర్‌లో లేని మనిషికి మందు ఇస్తే రేపు ఎవరైనా అడుగుతారని ఆమెకి భయం.

సర్వేలు కూడా అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పట్టికలు చూస్తే ఈ బిళ్ళ వాడే ఆడవాళ్ళు ఒక శాతం కూడా కనపడరు. దాన్ని చూసి "మన దగ్గర ఎవరు వాడుతున్నారులే" అనుకుంటే పొరపాటు. సర్వేలో అడిగేది ప్రస్తుతం ఏ పద్ధతి వాడుతున్నారు అని. ఈ బిళ్ళ రోజూ వాడేది కాదు, అవసరం పడ్డప్పుడు వేసుకునేది. మూడు నెలల క్రితం వేసుకున్న అమ్మాయి ఈరోజు ఏమీ వాడటం లేదనే రాయించుకుంటుంది. పైగా ఇంటికొచ్చి, పక్కన అమ్మ కూర్చుని ఉండగా అడిగితే ఎవరు చెప్తారు? కాగితం మీద లేరు గానీ, డిగ్రీ కాలేజీ ఉన్న ఏ టౌన్‌లో అయినా బస్టాండ్ దగ్గర మెడికల్ షాపు అతన్ని అడగండి. పండగల తర్వాత, జాతర్ల తర్వాత, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఏం అమ్ముడుపోతుందో అతనికి బాగా తెలుసు.

హాస్టల్‌లో ఉండే చెల్లెళ్ళతో, చదువు ఆపేసి మిరప కోతలకు పోయే పిల్లలతో కూర్చుని మాట్లాడితే ఒక విషయం మళ్ళీ మళ్ళీ వస్తుంది. బిళ్ళ కొనేది అమ్మాయి కాదు, అబ్బాయి. ఎప్పుడు కొనాలో అతనే చూసుకుంటాడు, కవర్ చింపి చేతిలో పెట్టి "వేసుకో, ఏం కాదు" అంటాడు. ఆ కవర్ మీద ఏం రాసుందో ఆమె చూడదు. ఏం మింగిందో కూడా కొందరికి తెలియదు. ఇది ఉంది కదా అని కండోమ్ మాట ఎత్తడు. కండోమ్ కొనటానికి అతనికి సిగ్గు, బిళ్ళ మింగటానికి ఆమెకి సిగ్గు ఉండకూడదు! తమ్ముళ్ళూ, ఈ బిళ్ళ హెచ్‌ఐవీని ఆపదు, సుఖవ్యాధులను ఆపదు. అది కండోమ్ ఒక్కటే చేస్తుంది. అది వేసుకోవాల్సింది మీరు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన పిల్లల వెంట పడేది మన వాళ్ళు మాత్రమే కాదు. కాంట్రాక్టు పని మీద వచ్చినవాడు, ఉద్యోగం మీద వచ్చినవాడు, షాపు పెట్టుకున్నవాడు... పెళ్ళి చేసుకుంటానని తిరిగి, బిళ్ళ చేతిలో పెట్టి, రేపు ఏదైనా జరిగితే "నాకేం తెలియదు" అనేవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం. అలాంటి చోట ఈ బిళ్ళ అమ్మాయికి రక్షణ కాదు, వాడికి రక్షణ. బలవంతం జరిగితే మాత్రం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఉచితంగా వైద్యం చేయాలి. అందులో ఈ బిళ్ళ ఇవ్వడం కూడా ఉంది. ముందు పోలీస్ స్టేషన్‌కు పోయి ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తాం అనటానికి వీల్లేదు.

ఇప్పుడు మన సంఘంలోనే వచ్చే ప్రశ్నకి వస్తాను. మీటింగుల్లో నన్ను అడిగారు కూడా. "చెల్లే, మన జనాభానే తక్కువ. కొండరెడ్లు, కొలాములు, తోటీలు, చెంచులు ఎంతమంది మిగిలారు? ఇలాంటి సమయంలో పిల్లలు పుట్టకుండా ఉండే మందుల గురించి మనమే ప్రచారం చేయాలా? ఇది మనల్ని తగ్గించే కుట్ర కాదా?"

ఈ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. దానికి చరిత్ర ఉంది. 2009లో మన భద్రాచలం చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా పరిశోధన అని సూదులు వేశారు. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు చాలా చోట్ల వార్డెన్లు పెట్టారు. పార్లమెంటు కమిటీ దాన్ని తప్పుపట్టింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఆపరేషన్ క్యాంపులు పెట్టారు. ఒక్క చోటే కొన్ని గంటల్లో 83 మందికి కోత కోశారు. ఆ క్యాంపుల తర్వాత పదిమందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు, వాళ్ళలో బైగా తెగవాళ్ళు కూడా ఉన్నారు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపుల పద్ధతే ఆపమంది. అయినా 2022 ఆగస్టులో హైదరాబాద్ పక్కనే ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు పోయారు. కాబట్టి తెల్ల కోటు వేసుకుని వచ్చి "సంతకం పెట్టు" అన్నవాళ్ళని మనం ప్రశ్నించాలి. అందులో రెండో మాట లేదు.

కానీ అదే బైగాల కథకి ఇంకో సగం ఉంది. 1979లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగా లాంటి తెగలకు పిల్లల ఆపరేషన్ చేయకూడదని ఆదేశం ఇచ్చింది. జనాభా తగ్గిపోతోంది, కాపాడాలి అని. వినటానికి బాగుంది కదా? అయిదుగురిని, ఆరుగురిని కని, ఒంట్లో రక్తం లేక, ఇక చాలు అనుకున్న బైగా తల్లికి ఆసుపత్రి తలుపు మూసేశారు. దాని మీద బైగా వాళ్ళే హైకోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. కాగితం మీద నిషేధం ఉన్న చోటే, 2014 క్యాంపులో బైగా మహిళ చనిపోయింది. చూశారా? కోసినప్పుడూ ఆమెని సరిగ్గా అడగలేదు, వద్దన్నప్పుడూ అడగలేదు. "మీరు తగ్గండి" అని ఒక ఆఫీసర్ అంటే, "మీరు పెరగండి" అని ఇంకో ఆఫీసర్ అన్నాడు. ఇప్పుడు అదే మాట మన అన్నలు అంటే నేను ఎలా ఒప్పుకోవాలి? మన జనాభా తగ్గితే కారణాలు మనకి తెలుసు. మలేరియా, పుట్టిన నెలలోనే పోయే బిడ్డలు, రక్తం లేని తల్లులు, అడవి నుంచి తరిమేయడం. వాటిని వదిలేసి అమ్మాయి మింగే బిళ్ళ మీద లెక్క తేల్చకండి.

అసలు ఈ బిళ్ళకి ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో చూస్తే మన రెండు రాష్ట్రాల అలవాటు కూడా కనపడుతుంది. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతం కూడా లేదు. మన దగ్గర పద్ధతి ఇదీ: పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్. మధ్యలో ఎడం పెట్టుకోవడానికి ఏమీ లేదు. పెళ్ళికి ముందు అయితే అసలు ఆ ప్రశ్నే లేనట్టు నటిస్తారు. ఆ ఖాళీలోకి వచ్చింది ఈ బిళ్ళ. కొందరు నెలకి రెండు మూడు సార్లు మింగుతున్నారు. అలా మింగితే గొడ్రాళ్ళు అయిపోతారని బెదిరించేవాళ్ళు ఉన్నారు, అది నిజం కాదు. కానీ మాటిమాటికీ వేసుకుంటే డేట్ తప్పుతుంది, మధ్యలో రక్తం కనపడుతుంది, ఎప్పుడు నెల తప్పిందో తెలియకుండా పోతుంది. పైగా రోజూ వాడే పద్ధతులంత గట్టిగా ఇది కాపాడదు. తరచుగా అవసరం పడుతోందంటే వేరే పద్ధతి కావాలని అర్థం. మూడు నెలలకి ఒక సూది అంతర, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒక్కటి వేసుకునే ఛాయ బిళ్ళ, కాపర్-టి... ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు లేకుండా ఇవ్వాల్సినవే. వీటి పేర్లు మన గుంపుల్లో ఎంతమంది విన్నారు?

ఇక మందు గురించి. ఇది హాస్టల్‌లో ఫోటో తీసి పంపుకునేలా రాస్తున్నా.

ఈ బిళ్ళ కడుపు పోగొట్టేది కాదు. అండం విడుదలవ్వడాన్ని వెనక్కి జరుపుతుంది, అంతే. కడుపు నిలిచిపోయాక వేసుకుంటే పనిచేయదు, బిడ్డకి హాని కూడా చేయదు. వేసుకున్నాక రెండు గంటల లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. అది కాపాడేది అయిపోయిన దాన్నించే. బిళ్ళ వేసుకున్నాం కదా అని మర్నాడు మళ్ళీ కలిస్తే కాపాడదు, పైగా అండం వెనక్కి జరిగింది కాబట్టి అప్పుడు కడుపు వచ్చే అవకాశం ఎక్కువ. డేట్ వారం రోజులు దాటినా రాకపోతే నిశ్చయ్ కిట్‌తో పరీక్ష చేసుకోవాలి, అది కూడా ఆశా అక్క దగ్గర ఉండాల్సిందే. పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు. సికిల్ సెల్ ఉన్న అక్కలకు అనుకోని గర్భమే పెద్ద ప్రమాదం కాబట్టి వాళ్ళు ముందుగానే డాక్టర్‌తో మాట్లాడి సరిపోయే పద్ధతి పెట్టుకోవాలి.

ఒక విషయం మన ఏజెన్సీలో ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. టీబీ. టీబీకి వాడే రిఫాంపిసిన్, అదే మూత్రం నారింజ రంగులో వచ్చేలా చేసే మందు, ఈ బిళ్ళ బలాన్ని తగ్గించేస్తుంది. మూర్ఛకి వాడే కొన్ని మందులు కూడా అంతే. టీబీ కోర్సులో ఉన్న అమ్మాయి మామూలుగా ఒక బిళ్ళ వేసుకుని ధైర్యంగా ఉండిపోతే మోసపోతుంది. ఆమె డాక్టర్‌కి ఆ మాట చెప్పి అడగాలి. అయిదు రోజుల లోపు కాపర్-టి వేయించుకుంటే దాని మీద టీబీ మందు ప్రభావం ఉండదు. నిజానికి మూడు రోజులు దాటిపోయిన ఎవరికైనా అదే మంచి దారి. బిళ్ళ కన్నా గట్టిగా పనిచేస్తుంది, తర్వాత ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇంకా పెద్ద ప్రమాదం ఏంటంటే రెండు మందుల్ని ఒకటే అనుకోవడం. నెల తప్పాక ఆర్‌ఎంపీ దగ్గరో, షాపులోనో దొరికే అయిదు బిళ్ళల కిట్ వేరు. అది గర్భస్రావం మందు, డాక్టర్ చూసి ఇవ్వాల్సింది. ఎన్ని వారాలో తెలియకుండా, ఒంట్లో రక్తం ఎంత ఉందో చూడకుండా మింగితే రక్తస్రావం ఆగక ప్రాణం మీదకు వస్తుంది. గుంపులో ఉంటే అంబులెన్స్ వచ్చేలోపు ఆలస్యం అయిపోతుంది. ఆ అవసరం వచ్చినవాళ్ళు ప్రభుత్వ ఆసుపత్రికే పోండి. చట్టం ఒప్పుకుంటుంది. పెళ్ళి కాని ఆడవాళ్ళకు కూడా పెళ్ళయినవాళ్ళతో సమానంగా హక్కు ఉందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిది నిండితే భర్త సంతకం, నాన్న సంతకం అక్కర్లేదు. పద్దెనిమిది లోపు పిల్ల అయితే పెద్దవాళ్ళ అంగీకారం కావాలి, డాక్టర్ పోలీసులకు చెప్పాలి. కానీ పిల్ల అడిగితే పేరు, వివరాలు బయటపెట్టక్కర్లేదని అదే తీర్పులో ఉంది.

సిగ్గు గురించి కూడా ఒకటి. మన తెగల్లో చాలావాటిలో ఇష్టపడినవాళ్ళు లేచిపోయి ఒకటవడం ఒప్పుకున్న పద్ధతే. పెద్దలు కూర్చుని తప్పు కట్టించి కలిపేస్తారు. కడుపు వచ్చినా అలాగే తేలుస్తారు. ఆడపిల్లని ఊరి నుంచి వెలివేసినట్టు చూసే చూపు మనకి మైదానం నుంచి, సినిమాల నుంచి, హాస్టళ్ళ నుంచి అంటింది. అయితే పాత పద్ధతిని మరీ నెత్తిన పెట్టుకోను. పెద్దలు తప్పు కట్టించి కలిపేశాక ఆ పిల్ల డిగ్రీ రెండో సంవత్సరంలోనే ఆగిపోతుంది. అబ్బాయి కాలేజీకి పోతూనే ఉంటాడు. నాతో పాటు చదువు మొదలుపెట్టిన వాళ్ళలో అలా ఆగిపోయినవాళ్ళ పేర్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడప్పుడూ ఈ బిళ్ళని మళ్ళీ డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాలనే వాదన వస్తుంటుంది. అమ్మాయిలు ఎక్కువ వాడుతున్నారట. పట్నంలో అది ఒక క్లినిక్ ఖర్చు. ఏజెన్సీలో అది నిషేధమే. పీహెచ్‌సీలో డాక్టర్ ఉండే రోజు కోసం చూస్తే డెబ్బై రెండు గంటలు దాటిపోతాయి. ఆ మాట ఎక్కడ వచ్చినా మనం వద్దని చెప్పాలి.

మరి ఏం అడగాలి? నాకు అనిపించినవి చెప్తాను, మీకు ఇంకా మంచివి తోస్తే కింద రాయండి. పెళ్ళి అయిందా లేదా అని అడగకుండా, పేరు రాయకుండా ఈ బిళ్ళ ఇవ్వమని ఆశా, ఏఎన్‌ఎమ్ అక్కలకు రాతపూర్వకంగా ఆదేశం కావాలి. అప్పుడు వాళ్ళకీ భయం ఉండదు. సొంత గుంపు ఆశాని అడగలేని పిల్ల పక్క గుంపు ఆశాని అడిగినా ఇవ్వాలి. సంత రోజు సంతలోనే ఒక బల్ల వేసి ఏఎన్‌ఎమ్ కూర్చుంటే, బీపీ చూపించుకునే వంకతో ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు, ముందు జాగ్రత్తగా ఇంట్లో ఒకటి పెట్టుకోవచ్చు. డిగ్రీ హాస్టళ్ళలో అమ్మాయిలకే కాదు, అబ్బాయిల హాస్టళ్ళలో కూడా ఈ క్లాసు చెప్పాలి. సరిహద్దు దాటి వచ్చిన గొత్తికోయ గుంపులకు రేషన్ కార్డు లేదని, ఆశా లేదని సాకు చెప్పకుండా అక్కడికీ పంపాలి. వాళ్ళ ఆడవాళ్ళకి సంత కూడా మనకన్నా దూరం.

ఇవి ఐటీడీఏ ముందు పెట్టాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. వచ్చే నెల మీ గుంపులో ఆరోగ్య, పోషకాహార దినం రోజు మీలో ఇద్దరు పోయి ఆశా అక్కని, ఏఎన్‌ఎమ్‌ని అడగండి. ఈజీ పిల్ ఎన్ని ఉన్నాయి, కవర్ మీద డేట్ ఎంత, చివరిసారి ఎప్పుడు వచ్చాయి, అంతర, ఛాయ ఉన్నాయా. ఎవరు తీసుకున్నారని మాత్రం అడగొద్దు, ఎవరి పేరూ రాయొద్దు. గుంపు పేరు, మండలం, ఆ నాలుగు జవాబులు పేజీకి పంపండి. అక్కడ బిళ్ళలు ఉంటే ఉన్నాయని కూడా రాయండి. ఆ పక్క గుంపు చెల్లెలికి అది తెలియాలి.